ఆ గొంతు ఒక్క నిమిషమైనా దొరకదా?

"ముఖం గుర్తుంది నాన్నా. నడక గుర్తుంది. గొంతే గుర్తు రావట్లేదు" అంది అత్తయ్య.

మూడేళ్ళ కిందట సంక్రాంతికి వెళ్ళినప్పుడు అన్న మాట. అప్పటికి ఆవిడకి 81 ఏళ్ళు. మామయ్య పోయి చాలా కాలమైంది. గోడ మీద ఆయన ఫోటో ఉంది. బీరువాలో ఇంకో పది ఉన్నాయి: పెళ్ళినాటిది, షష్టిపూర్తిది, పొలం గట్టు మీద ఎవరో రైతు ముందు మైకు పట్టుకుని నిలబడ్డది. ఆయన చేతిరాత ఉంది, కళ్ళజోడు ఉంది, ఆగిపోయిన గడియారం ఉంది. 28 ఏళ్ళ పాటు సాయంత్రం అయ్యేసరికి ఎవరెవరి వసారాల్లోనో, టీకొట్ల బల్లల మీదో, పంచాయతీ ఆఫీసు మైకులోనో మోగిన ఆయన గొంతు మాత్రం ఆయన సొంత ఇంట్లో ఒక్క నిమిషం లేదు.

ఆ మాట పట్టుకుని మూడేళ్ళు తిరిగాను. ఎక్కడా దొరకలేదు. తిరిగినన్నాళ్ళూ నాకు ఎదురైన దాన్ని గురించే ఇప్పుడు రాస్తున్నాను. దుఃఖంతో మొదలుపెట్టిన వెతుకులాట నాకు కోపంగా మిగిలింది.

మామయ్య పేరున్న కళాకారుడు కాదు. కచేరీలు చేయలేదు, నాటకాల్లో నాయకుడి వేషం వేయలేదు. వ్యవసాయ కార్యక్రమం చేసేవాడు. 1966 నుంచి ఆకాశవాణి కేంద్రాల్లో వ్యవసాయ, గృహ విభాగాలు ఏర్పాటవుతూ వచ్చాయి. కొత్త వంగడాలు, ఎరువులు, పురుగుమందులు ఊళ్ళోకి దిగుతున్న రోజులవి. చదువు రాని రైతుకి వాటి సంగతి చెప్పేది ఎక్కువగా రేడియోనే. తంజావూరు ప్రాంతంలో ఏడీటీ-27 వరిని రైతులు 'రేడియో వరి' అనే పిలుచుకున్నారంటే, ఆ పెట్టెలోంచి వచ్చిన మాట పొలం దాకా ఎలా నడిచిందో తెలుస్తుంది. అలాంటి మాట చెప్పే ఉద్యోగం మా మామయ్యది. 1967లో చేరాడు, 1995లో రిటైరయ్యాడు.

భుజాన టేపు రికార్డరు తగిలించుకుని బస్సెక్కేవాడు. బస్సు పోని ఊళ్ళకి సైకిలు మీద పోయేవాడు. అగ్గితెగులు పడిన పొలంలో కూర్చుని రైతుతో మాట్లాడించేవాడు. కాండం తొలుచు పురుగు సంగతి, ఉల్లికోడు సంగతి, చవుడు నేలలో జిప్సం సంగతి. తిరిగొచ్చి ఆ టేపుని బ్లేడుతో కోసి, అతికించి, తన మాట జోడించి సాయంత్రానికి వినిపించేవాడు. ఆదివారాలు మా ఇంటి అరుగు మీద పోస్టుకార్డుల కట్ట విప్పేవాడు. "మా చేనుకి దోమ తగిలింది, ఏం కొట్టాలి?" అని వంకర అక్షరాలతో రాసిన కార్డులు. ప్రతిదానికీ జవాబు చెప్పేవాడు. రాసిన మనిషి పేరూ ఊరూ చదివాకే జవాబు మొదలుపెట్టేవాడు. "తన పేరు రేడియోలో విన్న రైతు ఆ మందు తప్పకుండా సరైన మోతాదులో కొడతాడు రా" అనేవాడు నాతో.

ఆ 28 ఏళ్ళ పనిలో ఒక్క సాయంత్రం చాలని అడిగాను.

ఏ కేంద్రమో చెప్పను. చెబితే ఇవాళ అక్కడ కూర్చున్న నలుగురి మీదకి నెపం పోతుంది. జబ్బు ఆ నలుగురితో మొదలు కాలేదు, వాళ్ళతో ఆగదు కూడా. మొదట మామూలు ఉత్తరం రాశాను. జవాబు లేదు. రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు సంతకం చేసిన కార్డు తిరిగొచ్చింది, జవాబు రాలేదు. స్వయంగా వెళ్ళాను. గేటు దగ్గర పుస్తకంలో పేరు రాసి, ఒక సీటు నుంచి ఇంకో సీటుకి, ఆ సీటు నుంచి పై అంతస్తుకి. "ఆ పేరుతో ఎవరూ పని చేసినట్టు లేదండీ" అన్నారు ఒకరు. 28 ఏళ్ళు ఏ మెట్లెక్కి రోజూ డ్యూటీకి వెళ్ళాడో ఆ మెట్ల మీద నిలబెట్టి ఆ మాట అన్నారు.

మూడోసారి వెళ్ళినప్పుడు ఒకాయన జాలిపడి టేపులున్న గది తెరిచాడు. తలుపు తీయగానే ఘాటుగా వెనిగర్ వాసన కొట్టింది. అది ఏమిటో అప్పుడు నాకు తెలియదు. తర్వాత తెలుసుకున్నాను: పాతకాలపు ఎసిటేట్ టేపు చెమ్మకీ వేడికీ కుళ్ళేటప్పుడు వచ్చే వాసన అది. ఒక టేపు కుళ్ళడం మొదలుపెడితే దాని ఆవిరి పక్కనున్న టేపుల్ని కూడా కుళ్ళబెడుతుంది. ఆ గదిలో ఫ్యాను కూడా లేదు. పైకప్పు మీంచి గోడల వెంట నీటి చారలు. ఇనుప బీరువాల్లో అట్టపెట్టెలు, వాటి మీద ఊడిపోయిన చీటీలు. చీటీ ఉన్నచోట దాని మీద రాసిందీ లోపల ఉన్నదీ ఒకటేనని చెప్పగల మనిషి లేడు. "వీటిని ఏం చేస్తారండీ?" అని అడిగాను. "కండెమ్ చెయ్యాలండి, కమిటీ వెయ్యాలి" అన్నాడు.

"వ్యవసాయ కార్యక్రమాలు ఏమైనా..." అని నసిగాను.

"పాటలైతే వెతకొచ్చండి. వ్యవసాయం ఎవరు దాస్తారు?"

ఆయన చెడ్డవాడు కాదు. నాకు టీ కూడా తెప్పించాడు. కానీ ఆ ఒక్క ప్రశ్న మూడేళ్ళుగా నా చెవిలో మోగుతోంది. వ్యవసాయం ఎవరు దాస్తారు? అన్నం తినే దేశంలో అడగాల్సిన ప్రశ్నేనా అది?

సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు పెట్టాను. ఆ చట్టం సెక్షన్ 2(జె)లో, సమాచారాన్ని టేపుల రూపంలో పొందే హక్కు కూడా పౌరుడికి ఉందని స్పష్టంగా రాసి ఉంది. అయిదు ప్రశ్నలు అడిగాను. మీ దగ్గర టేపులు ఎన్ని? వాటి జాబితా ఉందా? ఎన్నిటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు? మిగతావి ఏ ఉత్తర్వు ప్రకారం తీసేశారు? తీసేసే ముందు ఎవరు విన్నారు? గడువు 30 రోజులు. ముప్ఫయ్యో రోజున జవాబు వచ్చింది. అయిదు ప్రశ్నలకీ కలిపి ఒకే వాక్యం: కోరిన సమాచారం ఈ కార్యాలయంలో అందుబాటులో లేదు. అప్పీలు చేస్తే అదే వాక్యం కింద ఇంకొకరి సంతకం. మామయ్య గొంతు లేకపోవడం కంటే, ఏం పోయిందో కూడా ఎక్కడా రాసిపెట్టలేదన్నది నన్ను ఎక్కువ కాల్చింది. చచ్చిపోయిన మనిషికి పంచాయతీలో ఒక చీటీ ఇస్తారు. చచ్చిపోయిన గొంతుకి ఆ చీటీ కూడా లేదు.

ఒక రిటైరైన ఇంజనీరు గారిని కలిశాను. మామయ్యతో పనిచేసిన మనిషి. ఆయన ఏదీ దాచలేదు. "టేపు మాకు రేషన్ బియ్యం లాంటిది బాబూ. లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళు. ఆ రోజు కార్యక్రమం అయిపోతే ఆ టేపు చెరిపి రేపటికి వాడాల్సిందే" అన్నారు. చెరపడం ఎలాగో చేతులతో చూపించారు. విద్యుదయస్కాంతం ఉన్న పెట్టె ఒకటి ఉంటుంది, బల్క్ ఇరేజర్ అంటారు. స్పూలుని దాని మీద పెట్టి గుండ్రంగా తిప్పుతూ మెల్లగా పైకి లాగాలి. గబుక్కున లాగితే టేపులో గరగర మిగిలిపోతుంది. "మీ మామయ్యవి నేనే ఎన్ని చెరిపానో" అని తల దించుకున్నారు.

ఆయన మీద నాకు కోపం లేదు. విదేశాల నుంచి కొనాల్సిన టేపు అది, విదేశీ మారకం లేని దేశం మనది. ఆనాటి పేదరికాన్ని నేను అర్థం చేసుకోగలను. ఆ చెరపడం నుంచి తప్పించుకుని మిగిలిన కాసిని టేపుల్ని, టేపుతో పనే లేని ఈ కాలంలో, అరచేతిలో పట్టే పరికరంలో వెయ్యి గంటల మాట దాచుకోగల ఈ కాలంలో, చెమ్మకీ చెదకీ అప్పజెప్పి కూర్చున్నవాళ్ళని మాత్రం అర్థం చేసుకోలేను. అప్పుడు టేపు లేక చెరిపారు. ఇప్పుడు ఏం లేక వదిలేశారు? మనసు లేక.

మన రేడియో చరిత్ర తేదీలు మనకి బాగా తెలుసు. 1935లో హైదరాబాదులో డెక్కన్ రేడియో. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం, అక్కడి నుంచి తెలుగు మాట. 1948 డిసెంబర్ 1న విజయవాడ. 1950లో డెక్కన్ రేడియో ఆకాశవాణిలో కలవడం. 1963లో కడప, విశాఖపట్నం. వార్షికోత్సవాలు చేస్తాం, దీపాలు వెలిగిస్తాం, శాలువాలు కప్పుతాం. ఆ తేదీల్లో వినిపించిన మాటలో ఎన్ని నిమిషాలు ఇవాళ వినిపించగలం? ఆకాశవాణి వారి 'వాణి' పత్రిక పాత సంచికలు తిరగేస్తే ఏ రోజు ఎన్ని గంటలకి ఏ కార్యక్రమమో అచ్చులో కనిపిస్తుంది. గంట ఉంది, నిమిషం ఉంది. గొంతు లేదు. రోజూ తెల్లవారుజామున మోగే ఆకాశవాణి సంకేత సంగీతాన్ని 1936లో వాల్టర్ కాఫ్‌మన్ కట్టాడు. నాజీల నుంచి తప్పించుకుని మన దేశానికి వచ్చిన యూదు సంగీతజ్ఞుడు. ఆ బాణీ దాదాపు 90 ఏళ్ళు బతికింది. అది ఆగిన వెంటనే తెలుగులో "నమస్కారం" చెప్పిన ఎందరు మనుషుల గొంతులు బతికాయి?

గొప్పవాళ్ళవి ఉన్నాయి కదా అంటారు. 1947 నవంబర్ 12న గాంధీజీ ఢిల్లీ రేడియో స్టూడియోకి వచ్చి కురుక్షేత్రం శిబిరంలోని శరణార్థులతో మాట్లాడిన మాట భద్రంగా ఉంది. ఉండాల్సిందే. ఉషశ్రీ గారి రామాయణ, భారతాలు ఇవాళ్టికీ ఇళ్ళల్లో వినిపిస్తున్నాయి. ఆయన 1990లో పోయినా గొంతు పోలేదు, మనవాళ్ళు దాన్ని పోనివ్వలేదు. బాలాంత్రపు రజనీకాంతరావు గారి సంగీతం కొంతైనా మనకి దక్కింది. సంతోషం. అయితే రేడియో అంటే వాళ్ళు మాత్రమేనా? పిల్లలకి రేడియో అన్నయ్య, అక్కయ్య అయిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ముందు మైకు దగ్గర బిక్కుబిక్కుమంటూ పద్యం అప్పజెప్పిన పిల్లల గొంతులేవి? కార్మికుల కార్యక్రమంలో కబుర్లు చెప్పిన గొంతులేవి? తుఫాను రాత్రి చేపల వేటకి వెళ్ళొద్దని గంట గంటకీ హెచ్చరించిన అనౌన్సరు గొంతేది? 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మామయ్య మూడు రోజులు ఇంటికి రాలేదని అత్తయ్య చెబుతుంది. ఆ మూడు రోజులూ ఆయన ఏం మాట్లాడాడో వినే దారి ఈ భూమ్మీద లేదు.

మామయ్య టేపుల్లో ఉన్నది ఆయన ఒక్కడి గొంతే కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సారథ్యంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది. అది వ్యవసాయ పదాల పుస్తకం. ఒక చోట ఊడ్పులంటే ఇంకో చోట నాట్లంటారనీ, ఒక చోట ఆకుమడి ఇంకో చోట నారుమడి అవుతుందనీ మన పండితులు ఊరూరా తిరిగి పోగుచేశారు. ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుంటాం. మరి ఆ పదాన్ని కోనసీమ రైతు ఏ దీర్ఘం తీసి పలికాడో, మెట్ట పొలం కాపు ఎక్కడ విరిచాడో, వాళ్ళావిడ మధ్యలో అందుకుని ఏం దిద్దిందో పుస్తకం చెప్పలేదు. టేపు చెప్పేది. 1970లో 70 ఏళ్ళున్న రైతు మాట అంటే 1900లో పుట్టిన తెలుగు. కాలువ తవ్వకం కథలు తాత నోట విన్న తెలుగు. బడి ముఖం చూడని తెలుగు. అలాంటివాళ్ళ ముందు మైకు పెట్టిన మనుషులు మన జిల్లాల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళు తెచ్చిన పంటని మనం గాదెలో పోయకుండా వానలో వదిలేశాం. తెలుగు చచ్చిపోతోందని సభల్లో గుండెలు బాదుకునేవాళ్ళలో ఒక్కరైనా ఆ తాళం వేసిన గది తలుపు తట్టారా?

చట్టం కూడా మన వైపు లేదు. 1954లో పుస్తకాల అప్పగింత చట్టం వచ్చింది. దేశంలో ఎవరు ఏ పుస్తకం అచ్చువేసినా ఒక ప్రతి కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు కన్నెమరాతో సహా మరికొన్ని గ్రంథాలయాలకి ఇవ్వాలి. 1956లో పత్రికల్ని కూడా చేర్చారు. అక్షరానికి అంత భద్రత ఇచ్చిన మనం మాటకి ఏమీ ఇవ్వలేదు. ప్రసారమైన మాటని ఒక చోట అప్పగించి తీరాలనే నియమం ఆ చట్టంలో లేదు. ఫ్రాన్సు 1992లోనే రేడియో, టీవీ ప్రసారాలకి అలాంటి చట్టం చేసుకుంది. ఎక్కువమంది చదవలేని కాలంలో మన దేశం చెవులతో బతికింది. అలాంటి దేశం తన చరిత్రని కాగితం మీద మాత్రమే వెతుక్కోవాలట!

బయట కూడా తప్పులు జరిగాయి. బీబీసీ అంతటి సంస్థ 1960, 70లలో తన కార్యక్రమాల్ని లెక్కలేకుండా చెరిపేసింది. కాకపోతే తప్పు తెలుసుకున్నాక ఒప్పుకుంది, ప్రజల్ని అడిగింది. డాక్టర్ హూ ధారావాహికలో బొమ్మ పోయిన భాగాలన్నిటికీ శబ్దం ఇవాళ దొరుకుతోంది. అభిమానులు టీవీ ముందు మైకు పెట్టి ఇంట్లో రికార్డు చేసుకున్న టేపుల పుణ్యం అది. అడిగితే జనం ఇచ్చారు. మనవాళ్ళు ఎప్పుడైనా అడిగారా? "మీ ఇంట్లో మా పాత కార్యక్రమం ఉందా?" అని ఒక్క సాయంత్రం, తమ మైకులోనే, ఒక్క నిమిషం అడగడానికి ఏం ఖర్చవుతుంది?

టైము కూడా అయిపోయింది. 2019లో యునెస్కో, అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం కలిసి అయస్కాంత టేపుల గురించి ప్రపంచానికి ప్రమాద హెచ్చరిక చేశాయి. 2025 దాటితే పాత టేపుల్ని వినిపించే యంత్రాలూ, వాటి విడిభాగాలూ దొరకడం దాదాపు అసాధ్యమవుతుందని చెప్పాయి. ఆ గడువు మన కళ్ళ ముందే వచ్చింది. టేపు కుళ్ళుతోంది, దాన్ని తిప్పే యంత్రం తుప్పు పడుతోంది, ఆ యంత్రం నడపడం తెలిసిన ఇంజనీర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. నాతో మాట్లాడిన పెద్దాయన కూడా కిందటి వేసవిలో పోయారు. ఏటా అక్టోబర్ 27న ప్రపంచ దృశ్య శ్రవణ వారసత్వ దినం వస్తుంది, పోతుంది.

మా తప్పు కూడా చెప్పాలి. మామయ్య చనిపోయిన ఏడాది ఇల్లు మారుతూ, పాడైన టూ ఇన్ వన్‌తో పాటు క్యాసెట్ల డబ్బా మొత్తం పాతసామాన్లవాడికి ఇచ్చేశాం. తూకం వేసి తీసుకున్నాడు. అందులో ఏముందో ఎవరూ చూడలేదు. నేనూ అక్కడే ఉన్నాను. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టని రాత్రులున్నాయి. ఒక ఇంటి అజాగ్రత్తకే నాకింత గుచ్చుకుంటోంది. ఒక జాతి గొంతుకి కాపలా ఉండాల్సినవాళ్ళకి ఏమీ గుచ్చుకోదా?

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ప్రతి కేంద్రంలో మిగిలిన టేపుల జాబితా రాసి జనం ముందు పెట్టండి. ఒక్కదాన్ని కూడా వినకుండా పారేయకండి. ఇప్పటికే వాసన వస్తున్న టేపుల్ని ముందు విడదీసి, చల్లని పొడి గదిలో పెట్టండి. పని తెలిసిన పెద్దల్ని వాళ్ళున్నప్పుడే పిలిచి కూర్చోబెట్టండి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ, విశ్వవిద్యాలయాలూ ఇది ఢిల్లీ పని అని చేతులు దులుపుకోవద్దు. ఆ టేపుల్లో ఉన్నది మీ భాష. అక్షరానికి చేసిన చట్టం మాటకి కూడా చేయమని మన పార్లమెంటు సభ్యులు అడగాలి.

చదువుతున్న మీతో కూడా ఒక మాట. మీ అటక మీద క్యాసెట్ల డబ్బా ఉంటుంది. సినిమా పాటల మధ్యలో, ఎవరో రేడియో నుంచి పట్టుకున్న పది నిమిషాలు ఉండవచ్చు. ఇవాళే దించండి. క్యాసెట్టు వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కల్ని విరిచేయండి, ఇక దాని మీద ఎవరూ పొరపాటున మరొకటి ఎక్కించలేరు. బూజు పట్టి ఉంటే యంత్రంలో పెట్టకండి, తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. వినిపించే గొంతు ఎవరిదో తెలియకపోయినా దాచండి. దాని కోసం ఎక్కడో ఒక ఇల్లు ఎదురుచూస్తూ ఉంటుంది.

అత్తయ్యకి ఇప్పుడు 84. ఫోన్ చేసినప్పుడల్లా "దొరికిందా నాన్నా?" అని అడుగుతుంది.